సంఖ్యలు అదుపు తప్పితే ముందుగా టైమ్ స్టెప్ చూడండి

నెల్లూరు జిల్లాలో కంప్యుటేషనల్ ఇంజనీరింగ్ చదువుతున్న మీరు, సోమశిల జలాశయం నుంచి వదిలిన నీరు పెన్నలో దిగువకు ఎలా సాగుతుందో లెక్కించే ప్రాజెక్టును ఎంచుకున్నారనుకుందాం. ప్రోగ్రామ్ కాసేపు సక్రమంగా నడిచి, ఆ తర్వాత నీటిమట్టం అకస్మాత్తుగా కొండలంత ఎత్తు చూపిస్తే, కోడ్‌లో అక్షరదోషాల కోసం వెతకడానికి ముందు టైమ్ స్టెప్‌ను, అంటే లెక్క ఒక్కో విడతలో ముందుకు జరిగే కాల వ్యవధిని, పరిశీలించండి. నేను విద్యార్థిగా ఉన్నప్పుడు ఆ పని చేయక రెండు రోజులు వృథా చేసుకున్నాను.

ఎక్స్‌ప్లిసిట్ పద్ధతిలో (ప్రస్తుత క్షణపు విలువల నుంచే తర్వాతి క్షణపు విలువలను నేరుగా లెక్కించే పద్ధతి) ఒక టైమ్ స్టెప్‌లో అల ఒక గడిని (లెక్క కోసం నదిని విభజించిన చిన్న భాగాన్ని) దాటిపోకూడదని 1928లో కూరాంట్, ఫ్రీడ్రిక్స్, లెవీ అనే గణితవేత్తలు చూపిన నియమమే ఇక్కడ వర్తిస్తుంది. లోతు 2.5 మీటర్లయితే, గురుత్వ త్వరణాన్ని లోతుతో గుణించి వర్గమూలం తీసినప్పుడు అల వేగం సెకనుకు సుమారు 5 మీటర్లు వస్తుంది. దానికి ప్రవాహ వేగం 1 మీటరు కలిపితే 6 మీటర్లు. కాబట్టి గడి పొడవు 60 మీటర్లు ఉన్నప్పుడు టైమ్ స్టెప్ 10 సెకన్లకు మించరాదు. వరదలో లోతు పెరిగే కొద్దీ అల వేగమూ పెరుగుతుంది కనుక, ఈ పరిమితిని ఒక్కసారి కాక ప్రతి టైమ్ స్టెప్‌లోనూ తిరిగి లెక్కించేలా కోడ్ రాయడం మంచిది.

అలాగే ఎగుడుదిగుడు నది అడుగు మీద నిశ్చలంగా ఉన్న నీటితో ఒకసారి ప్రోగ్రామ్‌ను నడపండి. అందులో నీరు తనంతట తాను కదలడం మొదలుపెడితే తప్పు టైమ్ స్టెప్‌లో లేదు, అడుగు వాలును లెక్కలోకి తీసుకున్న తీరులో ఉంది.