కొత్త డైనోసార్ బొమ్మల కోసం ఎదురుచూసేవారు: ఏది ఎంచుకోవాలి, ఎప్పుడు కొనాలి

చరిత్రపూర్వ జంతువుల బొమ్మలను శ్రద్ధగా సేకరించేవారికి ఏటా నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఉండే కాలం చాలా ముఖ్యమైనది. మరుసటి ఏడాది రాబోయే బొమ్మల చిత్రాలను తయారీ సంస్థలు ఎక్కువగా ఈ నెలల్లోనే బయటపెడతాయి. కలెక్టా సంస్థ తన కొత్త బొమ్మలన్నింటినీ ఒకేసారి చూపకుండా విడతలవారీగా ప్రకటిస్తుంది. యూరప్ సంస్థలైన ష్లైష్, పాపోల కొత్త సరుకు చాలావరకు జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో జనవరి చివరి రోజుల్లో మొదలయ్యే బొమ్మల ప్రదర్శన నాటికి తెలిసిపోతుంది. చైనాకు చెందిన పీఎన్‌ఎస్‌ఓ, హావోలాంగ్‌గుడ్ వంటి సంస్థలు మాత్రం ఈ క్యాలెండరును పట్టించుకోకుండా ఏడాది పొడవునా కొత్త బొమ్మలు తెస్తూనే ఉంటాయి. కనుక మొత్తం డబ్బును జనవరిలోనే ఖర్చు చేసే అలవాటు ఇప్పుడు పనికిరాదు. ఏడాదికి ఇంత అని ముందుగా ఒక మొత్తం అనుకుని, అందులో కనీసం మూడో వంతును ప్రకటన లేకుండా వచ్చే బొమ్మల కోసం పక్కన ఉంచుకోవడం మంచిది.

ప్రకటనలు రాకముందే చేయవలసిన పని ఒకటుంది. మీ సేకరణకు ఏం కావాలో కాగితం మీద రాసి పెట్టుకోవాలి. జాబితా లేనివారు సంస్థ ఏది చూపితే దానికే ఆశపడతారు, ఆరో టైరనోసారస్‌ను కూడా కొనేస్తారు. ఒకే కాలానికి చెందిన జంతువులు కావాలా, ఒకే ప్రాంతానికి చెందినవి కావాలా, లేక ఒకే కుటుంబంలోనివి కావాలా అన్నది తేల్చుకుంటే ప్రకటనల కాలంలో మనసు అదుపులో ఉంటుంది. తెలుగువారికి ఈ విషయంలో సొంత గడ్డ మీదే ఒక మంచి ఆధారం ఉంది. ప్రాణహిత–గోదావరి లోయలోని కోటా శిలల్లో జురాసిక్ యుగపు తొలి దశకు చెందిన రెండు పెద్ద శాకాహార డైనోసార్లు దొరికాయి. వాటిలో బారాపాసారస్‌ను 1975లో వర్ణించారు. దాని అస్థిపంజరం కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో నిలబెట్టి ఉంది. రెండోది పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని యామన్‌పల్లి పేరు మీద కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని 1988లో పేరు పొందింది. దాని అస్థిపంజరాన్ని హైదరాబాద్‌లోని బిర్లా సైన్స్ సెంటర్‌లో ఎవరైనా చూడవచ్చు. ష్లైష్ సంస్థ బారాపాసారస్ బొమ్మను తెచ్చింది. నా జాబితాలో ఏళ్లుగా మొదటి స్థానంలో ఉన్నది కోటాసారస్. ఈ రెండింటిలో దేనికీ పుర్రె దొరకలేదు, కొన్ని పళ్లు మాత్రమే దొరికాయి. కనుక వీటి బొమ్మలు ఎవరు చేసినా తలను దగ్గరి బంధువుల ఆధారంగా ఊహించవలసిందే. ఆ ఊహ ఎంత సమంజసంగా ఉందన్నదే మనం చూడవలసిన విషయం.

జాబితా తరువాత చూడవలసింది కొలత. సేకర్తల్లో ఎక్కువమంది వాడే స్కేలు 1:40. అంటే నిజ జంతువు పొడవులో నలభయ్యో వంతు. మీటర్లలో ఉన్న పొడవును రెండున్నరతో హెచ్చిస్తే బొమ్మ పొడవు సెంటీమీటర్లలో వస్తుంది. పన్నెండు మీటర్ల టైరనోసారస్‌కు 30 సెంటీమీటర్లు, సుమారు తొమ్మిది మీటర్ల కోటాసారస్‌కు 22 లేదా 23 సెంటీమీటర్లు రావాలి. ముప్పై అయిదు మీటర్లుగా అంచనా వేసే అర్జెంటినోసారస్‌ను ఇదే స్కేలులో చేస్తే దాదాపు 88 సెంటీమీటర్లు అవుతుంది. అది పట్టే అల్మారా మనలో చాలామంది ఇళ్లలో ఉండదు. కలెక్టా తన డీలక్స్ వరుసలో చాలావాటిని 1:40 అని స్పష్టంగా ప్రకటిస్తుంది. ష్లైష్, పాపో మాత్రం అన్ని బొమ్మలకూ ఒకే స్కేలు పాటించవు. అక్కడ పిల్లి అంత జంతువూ ఏనుగంత జంతువూ ఇంచుమించు ఒకే పెట్టె పరిమాణంలో రావచ్చు. ప్రకటనలో ఇచ్చిన పొడవును చూసేటప్పుడు తోక వంపును కూడా లెక్కలోకి తీసుకోవాలి. తోక పక్కకు తిరిగి ఉన్న బొమ్మ ముక్కు నుంచి తోక కొన వరకు సూటిగా కొలిస్తే చిన్నదిగా కనిపిస్తుంది, కానీ స్కేలు సరిగ్గానే ఉండవచ్చు. తుంటి ఎత్తు ఇచ్చి ఉంటే పోలికకు అదే ఎక్కువ నమ్మదగినది.

ఇక అసలు పని చిత్రాన్ని చదవడం. సంస్థలు ముందుగా విడుదల చేసే చిత్రాల్లో కనిపించేది చాలాసార్లు శిల్పి దగ్గరుండి చేతితో రంగులు వేసిన నమూనా. ఫ్యాక్టరీలో వేల సంఖ్యలో తయారయ్యే బొమ్మకు ఆ రంగుల మెట్లు, కంటి మెరుపు, పంటి అంచు యథాతథంగా రావు. అందుకే రంగును చూసి ముగ్ధులు కాకుండా ఆకారాన్ని చూడాలి. అచ్చులో ఉన్న రూపం నమూనా నుంచి పెద్దగా మారదు. ఆకారంలో తప్పుంటే దాన్ని ఏ రంగూ కప్పలేదు.

మాంసాహార డైనోసార్ల విషయంలో నేను మొదట చూసేది ముంజేతులు. వాటి మణికట్టు నిర్మాణాన్ని బట్టి అరచేతులు నేలవైపు తిరగవు. చప్పట్లు కొట్టబోయే మనిషి చేతుల్లా ఒకదానికొకటి ఎదురుగా ఉండాలి. అరచేతులు కిందికి వంచి ఉన్న బొమ్మను చూడగానే ఆ శిల్పి పాత చిత్రాల నుంచి పని చేశాడని అనుకోవచ్చు. తరువాత వేళ్ల సంఖ్య చూడాలి: టైరనోసారస్‌కు రెండు, అల్లోసారస్‌కు మూడు. పుర్రెలోని రంధ్రాలు, పక్కటెముకలు చర్మం కింద గుంటలుగా కనిపిస్తుంటే అది బతికిన జంతువుగా కాక ఎండిన కళేబరంగా తయారైనట్టు. పెదవుల విషయంలో 2023లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం, టైరనోసారస్ వంటివాటి పళ్లను నోరు మూసినప్పుడు పెదవులు కప్పి ఉండేవని వాదించింది. అందరూ దానిని ఒప్పుకోకపోయినా, ఆ తరువాత తయారైన బొమ్మ ఏ పక్షం తీసుకుందో గమనించడం ఆసక్తికరం. వెలోసిరాప్టర్‌కు మాత్రం చర్చకు తావు లేదు. దాని ముంజేతి ఎముక మీద ఈకలు అతుక్కునే బుడిపెలు ఉన్నట్టు 2007లోనే తేలింది. ఈకలు లేని వెలోసిరాప్టర్‌ను శాస్త్రీయమైన బొమ్మగా అమ్మడం సరికాదు.

పొడవాటి మెడ గల సారోపోడ్‌ల ముందు పాదాలను దగ్గరగా చూడండి. చాలా బొమ్మల్లో అక్కడ ఏనుగు గోళ్ల వరుస చెక్కి ఉంటుంది, అది తప్పు. నిజానికి వాటి చేతి ఎముకలు నిలువుగా, గుర్రపు లాడం ఆకారంలో అమరి స్తంభంలా ఉంటాయి. గోరు ఉంటే బొటనవేలికి మాత్రమే ఉంటుంది, వీటిలోనే ఒక వర్గమైన టైటనోసార్లలో చాలావాటికి అదీ లేదు. ట్రైసెరాటాప్స్ ముందు పాదంలో అయిదు వేళ్లున్నా గిట్టలు మొదటి మూడింటికే ఉంటాయి. ఎగిరే టెరోసార్ల రెక్కను మోసేది నాలుగో వేలు. ముందు వైపు మూడు చిన్న వేళ్లు విడిగా కనిపించాలి, నేల మీద నిలబెట్టి ఉంటే నాలుగు కాళ్ల మీద నిలవాలి. ఉన్ని మామత్ బొమ్మ అయితే చెవులు, తోక చిన్నవిగా ఉండి, వీపు వెనక్కి వాలి ఉండాలి. సైబీరియా మంచులో దొరికిన కళేబరాల్లో ఈ భాగాలు చర్మంతో సహా మిగిలాయి కనుక ఇందులో పొరపాటుకు సాకు లేదు. ఇంత సూక్ష్మంగా పోల్చడానికి జంతువు అస్థిపంజర చిత్రాన్ని పక్కన పెట్టుకోవాలి. స్కాట్ హార్ట్‌మన్ గీసిన చిత్రాలు ఇందుకు చక్కగా ఉపయోగపడతాయి. హైదరాబాద్ దగ్గర ఉన్నవారు బిర్లా సైన్స్ సెంటర్‌లోని కోటాసారస్ ముందు ఒక అరగంట నిలబడి మెడ ఎక్కడ మొదలవుతుందో, కాళ్లు శరీరం కింద ఎలా నిలువుగా దిగుతాయో చూస్తే, ఆ తరువాత ఏ సారోపోడ్ బొమ్మ చిత్రాన్నైనా వేరే కంటితో చూస్తారు.

రంగుల ఎంపికలో శిల్పికి స్వేచ్ఛ ఇవ్వాలి. సైనోసారోప్టెరిక్స్ అనే చిన్న డైనోసార్ తోక మీద ఎర్రటి పట్టీలు ఉండేవని 2010లో తెలిసినట్టు, రంగు ఆధారాలు దొరికిన జంతువులు కొన్నే. వాటి విషయంలో మాత్రం సంస్థ ఆ ఆధారాన్ని గౌరవించిందా అని అడిగే హక్కు మనకుంది.

శాస్త్రం మారుతున్న జంతువు విషయంలో తొందరపడకపోవడం అవసరం. స్పైనోసారస్ దీనికి మంచి ఉదాహరణ. 1915లో ఎర్న్‌స్ట్ స్ట్రోమర్ ఈజిప్టు ఎముకల ఆధారంగా దానికి పేరు పెట్టాడు. ఆ ఎముకలు 1944లో మ్యూనిక్ మీద జరిగిన బాంబు దాడిలో నాశనమయ్యాయి. మొరాకోలో దొరికిన కొత్త ఎముకల వల్ల వెనుక కాళ్లు అనుకున్నదానికంటే పొట్టివని 2014లోనూ, తోక పడవ తెడ్డులా ఎత్తుగా ఉండేదని 2020లోనూ ప్రచురితమైంది. 2014 నాటి రూపాన్ని ఎంతో శ్రద్ధగా అనుసరించి చేసిన బొమ్మలు కూడా ఆరేళ్లకే తోక దగ్గర పాతబడ్డాయి. ఒక జంతువు గురించి పెద్ద శాస్త్ర పత్రికల్లో వాదన నడుస్తుంటే ఒకటి రెండేళ్లు ఆగితే, ఆ వాదనను లెక్కలోకి తీసుకున్న బొమ్మ వచ్చే అవకాశం ఎక్కువ. అలాగని పాతబడిన బొమ్మలను పారేయనక్కర్లేదు. 1988 నుంచి 2015 వరకు సఫారి లిమిటెడ్ తెచ్చిన కార్నెగీ వరుసను ఇప్పటికీ ఎంతోమంది ప్రేమగా దాచుకోవడానికి కారణం అవి తమ కాలపు అవగాహనను నిజాయితీగా చూపడమే.

ఎంపిక పూర్తయ్యాక కొనుగోలు క్రమం గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. కొత్త బొమ్మలు ప్రకటించే కాలంలోనే సంస్థలు కొన్ని పాత అచ్చులను ఉత్పత్తి నుంచి తొలగిస్తాయి. పెద్ద సంస్థల కొత్త బొమ్మ మామూలుగా కొన్నేళ్ల పాటు దొరుకుతూనే ఉంటుంది. తొలగించినది మిగిలిన సరుకు అయిపోగానే, రెండో చేతి అమ్మకందారులు పెంచి అడిగే ధరలకు వెళ్లిపోతుంది. కాబట్టి మొదట కొనవలసింది వెళ్లిపోతున్నదాన్ని. ముందస్తు బుకింగ్ విషయంలో డబ్బు ఇప్పుడే తీసుకుంటారా, సరుకు పంపేటప్పుడు తీసుకుంటారా అన్నది చదివి తెలుసుకోండి. ఓడ రవాణాలో ఆలస్యమైతే నెలల తరబడి డబ్బు ఇరుక్కుపోతుంది. జనం నుంచి ముందుగా డబ్బు సేకరించే కిక్‌స్టార్టర్ వెబ్‌సైటు ద్వారా 2016లో మొదలైన బీస్ట్స్ ఆఫ్ ది మీసోజోయిక్ బొమ్మల వరుస వంటి పథకాల్లో చందాదారులే తయారీకి పెట్టుబడి పెడతారు. అక్కడ వేచి ఉండే కాలం ఇంకా ఎక్కువ, కానీ తరువాత అదే బొమ్మ దొరకకపోవచ్చు కనుక నిర్ణయం కూడా త్వరగా తీసుకోవాలి.

భారతదేశానికి తెప్పించుకునేవారు ధరలో మరో భాగాన్ని కలుపుకోవాలి. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. ఆర్డరు పెట్టే రోజున ఎంత ఉందో చూసుకుని, కొరియరు వారి రుసుమును కూడా లెక్కకట్టాలి. దీనికి తోడు, 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు పద్నాలుగేళ్ల లోపు పిల్లల ఆట వస్తువులకు ఐఎస్ఐ గుర్తు ఉండాలంటుంది. అందువల్ల విదేశీ దుకాణం పంపగలనన్నా పార్శిల్ కస్టమ్స్‌లో ఆగే అవకాశం ఉంటుంది. అమెరికా నుంచో ఇంగ్లండ్ నుంచో వచ్చే బంధువుల చేత తెప్పించుకోవడం మన ఇళ్లలో మామూలే. అయితే వారి సూట్‌కేసులో ఏది పడుతుందో మీరే ముందుగా కొలిచి చెప్పండి, పెట్టెను విప్పి బొమ్మను బట్టల మధ్య చుట్టమని అడగండి. అరవై సెంటీమీటర్ల సారోపోడ్‌ను ఎవరి మీదా మోపకూడదు.

బొమ్మ చేతికి వచ్చిన రోజే పగటి వెలుతురులో అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీయండి. రంగు తప్పినచోట్లు, భుజాల దగ్గర అతుకు ఖాళీలు, విరిగిన కొమ్ము కొనలు కనిపిస్తే దుకాణానికి వెంటనే తెలియజేయవచ్చు. రెండు కాళ్ల మీద నిలబడే మాంసాహారులు దారిలో వంగిపోయి రావడం సాధారణం; మన ఎండలకు ఆ తరువాత కూడా నెమ్మదిగా ముందుకు ఒరుగుతాయి. గట్టి పీవీసీ బొమ్మ అయితే దీన్ని ఇంట్లోనే సరిచేయవచ్చు. పొయ్యి మీద నుంచి దించిన వేడి నీటిలో కాళ్లను మాత్రమే ఒకటి రెండు నిమిషాలు ముంచి, మెత్తబడగానే గుడ్డతో పట్టుకుని, కావలసిన కోణానికి మించి కాస్త వెనక్కి వంచి, అలాగే పట్టుకుని మంచు ముక్కలు వేసిన నీటిలో పూర్తిగా గట్టిపడేవరకు ఉంచాలి. మరుగుతున్న గిన్నెలోకి నేరుగా వేయకూడదు, రెసిన్ బొమ్మలకు ఈ పద్ధతి అసలే పనికిరాదు. బోలుగా ఉన్న బొమ్మలో అతుకుల గుండా నీరు చేరితే తలకిందులుగా పెట్టి పూర్తిగా ఆరనివ్వాలి. ఆ తరువాత కూడా ఒరిగితే గడ్డం కిందో ఛాతీ కిందో పారదర్శకమైన కడ్డీని ఆనించడం మంచిది. నిలబడటం కోసం పాదాలను అసహజంగా పెద్దవిగా చేసిన బొమ్మకంటే, సరైన పాదాలతో కడ్డీ మీద ఆనుకున్న బొమ్మనే నేను ఎంచుకుంటాను.

అల్మారాను కిటికీ ఎండ నేరుగా పడనిచోట పెట్టండి. మెత్తటి పీవీసీలో కలిపిన రసాయనాలు వేడికి ఉపరితలానికి వచ్చి బొమ్మ జిగురుగా తయారవుతుంది. అలాంటి రెండు బొమ్మలు ఆనుకుని ఉంటే ఒకదాని రంగు మరొకదానికి అంటుకుంటుంది. వేలెడు ఖాళీ వదిలి, ఒక్కో బొమ్మ కింద దాని సంస్థ పేరు, వచ్చిన సంవత్సరం, స్కేలు రాసిన చిన్న చీటీ పెడితే వచ్చే నవంబరులో కొత్త ప్రకటన చూసినప్పుడు మీ దగ్గర ఏముందో, ఏది లేదో వెంటనే తెలుస్తుంది.