సీపీయూ వాడకం 30 శాతమే, అయినా గేమ్ ఎందుకు తడబడుతోంది?

ఎనిమిది కోర్ల ప్రాసెసర్, దానికి తగ్గ గ్రాఫిక్స్ కార్డు ఉన్నాయి. గేమ్ మాత్రం సెకనుకి 50 ఫ్రేములు దాటదు. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ వాడకం చూస్తే 30 శాతమే. ఇది చూసే చాలామంది ప్రాసెసర్‌ని వదిలేసి కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనేస్తారు. కానీ ఆ 30 శాతం అన్ని కోర్ల సగటు. ప్రోగ్రామ్‌లో ఒకే వరుసలో నడిచే పనిని థ్రెడ్ అంటారు. అన్నిటికంటే ఆలస్యంగా పని ముగించే ఒక్క థ్రెడ్‌ ఎంత నలుగుతోందో అందులో కనిపించదు.

60 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేముకి 16.67 మిల్లీసెకన్లే గడువు. ఈలోపు మెయిన్ థ్రెడ్ మీ కంట్రోలర్‌ని చదివి గేమ్ లాజిక్ నడపాలి. రెండర్ థ్రెడ్ గ్రాఫిక్స్ కార్డుకి ఆదేశాలు సిద్ధం చేయాలి. ఫిజిక్స్, యానిమేషన్ లాంటివాటిని ఇంజిన్ చిన్న పనులుగా విడగొట్టి వర్కర్ థ్రెడ్లకి పంచుతుంది. ఎక్కువ కోర్లు అక్కరకొచ్చేది ఇక్కడే. మెయిన్ థ్రెడ్ పని చాలావరకు వరుసలోనే సాగాలి: తలుపు తెరుచుకుందో లేదో తేలందే శత్రువు ఎటు నడవాలో తేలదు. వడ్డించేవాళ్లు ఎంతమంది ఉన్నా అన్నం ఉడికేదాకా పంక్తి ఆగాల్సిందే కదా. ఆ వరుస పనికి 20 మిల్లీసెకన్లు పడితే, 64 కోర్లున్నా 50 ఫ్రేములే.

ముందు తప్పు ఎటువైపుందో తేల్చండి. ఫ్రేముల వేగానికి హద్దు పెట్టే వీసింక్, ఫ్రేమ్ లిమిట్ ఆపేయండి. గేమ్‌లో జనం ఎక్కువగా ఉన్న ఒక చోట కదలకుండా నిలబడి ఫ్రేములు రాసుకోండి. రెజల్యూషన్‌ని 1440పీ నుంచి 720పీకి దించి, అదే చోట మళ్లీ చూడండి. పెద్దగా తేడా లేకపోతే గ్రాఫిక్స్ కార్డు ఖాళీగా ఎదురుచూస్తోందన్నమాట. అప్పుడు తక్కువ రెజల్యూషన్‌లో గీసి పెద్దది చేసే అప్‌స్కేలింగ్ పెట్టినా లాభం ఉండదు.

తర్వాత ఆ థ్రెడ్‌ని పట్టుకోవాలి. టాస్క్ మేనేజర్‌లో లాజికల్ ప్రాసెసర్ల (విండోస్‌కి కనిపించే కోర్లు; చాలా చిప్‌లలో ఒక్కో కోర్ రెండుగా కనిపిస్తుంది) గ్రాఫులు విడివిడిగా చూసినా మోసపోవచ్చు. విండోస్ ఒకే థ్రెడ్‌ని ఒక కోర్ నుంచి మరో కోర్‌కి మారుస్తుంటుంది కాబట్టి ఏ కోరూ 100 చూపించకపోవచ్చు. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, గేమ్ ప్రాపర్టీస్‌లో థ్రెడ్స్ ట్యాబ్‌కి వెళ్లండి. 16 లాజికల్ ప్రాసెసర్లుంటే ఒక థ్రెడ్ పూర్తిగా నిండినప్పుడు 6.25 శాతం చూపిస్తుంది. ఒకే థ్రెడ్ 6 దగ్గర తిష్ఠవేసి, మిగతావి 1, 2 దగ్గర ఉంటే దొరికినట్టే. ఒక చిక్కుంది: కొన్ని ఇంజిన్లలో వర్కర్ థ్రెడ్లు పని లేకపోయినా తిరుగుతూ ఎదురుచూస్తాయి, అవీ బిజీగానే కనిపిస్తాయి. యాంటీ-చీట్ ఉన్న ఆన్‌లైన్ గేముల మీద ఇలాంటి టూల్స్ వాడకండి.

సెట్టింగుల్లో జనసాంద్రత, డ్రా డిస్టెన్స్ (ఎంత దూరం దాకా గీయాలన్నది), రే ట్రేసింగ్ (వెలుతురు కిరణాల లెక్క) తగ్గించండి. ఈ మూడూ సీపీయూ మీద భారం వేస్తాయి. టెక్స్చర్ నాణ్యత తగ్గిస్తే బొమ్మ చెడటం తప్ప ఇక్కడ ఒరిగేదేమీ లేదు. డైరెక్ట్‌ఎక్స్ 11, 12 (గేమ్ గ్రాఫిక్స్ కార్డుతో మాట్లాడే పద్ధతులు) రెండూ ఉంటే రెండూ కొలిచి చూడండి. 12లోనూ, అలాంటిదే అయిన వల్కన్‌లోనూ ఆదేశాల తయారీని చాలా థ్రెడ్లు పంచుకోగలవు. అయితే సరిగా రాయని గేముల్లో 12 ఇంకా తడబడుతుంది, కాబట్టి సగటు ఫ్రేములు ఒక్కటే చూసి ఎంచుకోవద్దు.

ర్యామ్ ఒకటే స్టిక్ ఉంటే రెండు చేసి డ్యూయల్ చానెల్‌లో పెట్టండి. నాలుగు స్లాట్ల బోర్డుల్లో సాధారణంగా సీపీయూ నుంచి రెండోదీ నాలుగోదీ వాడాలి. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో (ర్యామ్‌ని దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేయడం మర్చిపోవద్దు. అఫినిటీ మార్చి గేమ్‌ని కొన్ని కోర్లకే కట్టేయమనే చిట్కా చాలాసార్లు బెడిసికొడుతుంది, వర్కర్ థ్రెడ్ల పనులు అక్కడే ఇరుక్కుంటాయి.

ప్రాసెసర్ మార్చక తప్పదనుకుంటే కోర్ల సంఖ్య చూసి కొనకండి. ఒక్క కోర్ వేగం, ఎల్3 క్యాషే (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ) చూడండి. ఎనిమిది కోర్ల రైజెన్ 7 7800ఎక్స్3డీలో 96 ఎంబీ ఎల్3 ఉంది. 16 కోర్ల 7950ఎక్స్‌లో ఉన్నది 64 ఎంబీ, అదీ రెండు ముక్కలుగా. వీడియో ఎడిటింగ్‌లో రెండోది గెలుస్తుంది గానీ చాలా గేముల్లో మొదటిదే ముందుంటుంది.