‘గుడ్‌ఫెల్లాస్’ డిస్క్ కొనేముందు, కొన్నాక: మంచి ప్రింటు పట్టుకోవడం, ఉన్నదాన్ని సరిగ్గా చూడటం

మార్టిన్ స్కోర్సేసీ 1990లో తీసిన గ్యాంగ్‌స్టర్ సినిమా ‘గుడ్‌ఫెల్లాస్’లో మొదటి సీనే డిస్క్ నాణ్యతకు పరీక్ష. రాత్రిపూట రోడ్డు పక్కన కారు ఆగుతుంది. డిక్కీ తెరుస్తారు. చుట్టూ చీకటి, మొహాల మీద వెనక లైట్ల ఎర్రటి వెలుగు. వీడియోను తక్కువ డేటాలో కుక్కేస్తే ముందు పాడయ్యేవి ఈ రెండే, చీకటీ ఎరుపూ.

డిస్కులోని వీడియోలో వెలుగునీడల వివరం పూర్తిగా ఉంటుంది, రంగు వివరం మాత్రం నిలువుగా సగం, అడ్డంగా సగం. 720×576 చుక్కల డీవీడీలో రంగుకు దక్కేది 360×288 చుక్కలే. పచ్చని పొలంలో పగటి సీనుకు ఈ లోటు కనబడదు. నల్లటి నేపథ్యం మీద ఎర్రటి చెంప ఉంటే అంచు మెట్లుమెట్లుగా విరుగుతుంది. చీకటిలో కూడా అంతే. ఎన్‌కోడర్ (వీడియోను కుదించే సాఫ్ట్‌వేర్) అక్కడే డేటా మిగుల్చుకోవాలని చూస్తుంది కాబట్టి నలుపు గళ్లుగళ్లుగా కదులుతుంది. గ్యాంగ్‌స్టర్ సినిమాలు ఎక్కువగా రాత్రుళ్లు, బార్లు, మూసిన గదుల్లో నడుస్తాయి. అందుకే వేరే సినిమాకు సరిపోయే డిస్క్ వీటికి సరిపోదు.

ఏ ఎడిషన్ ఏమిటి

ఈ సినిమా డీవీడీగా మొదట 1997లో వచ్చింది. సినిమాను రెండుగా కోసి డిస్కుకు రెండు వైపులా అచ్చేశారు. సగం అయ్యాక లేచి, డిస్క్ తీసి, తిప్పి పెట్టాలి. ఊపిరాడకుండా పరిగెత్తే సినిమాకు ఇది పెద్ద అన్యాయం. ఇలాంటి డిస్కు మీద బొమ్మ ఉండదు. రెండు వైపులా వెండి మెరుపే, మధ్య రంధ్రం చుట్టూ సన్నటి అక్షరాల్లో పేరు, ఏ వైపో తెలిపే గుర్తు. చూడగానే నకిలీ అనిపిస్తుంది, కానీ కాదు. వేలిముద్రలు మాత్రం రెండు వైపులా పడతాయి, అంచు పట్టుకునే తీయాలి.

2004లో రెండు డిస్కుల ప్రత్యేక ఎడిషన్ వచ్చింది. తిప్పే బాధ తప్పింది. డీవీడీయే కావాలంటే ఇదే తీసుకోండి. 2007 బ్లూరేకి వాడింది పాత మాస్టర్ (డిస్కులు తయారుచేయడానికి ఆధారమైన అసలు వీడియో కాపీ), అందుకే బొమ్మ కాస్త మెత్తగా ఉంటుంది. 2010లో 20 ఏళ్ల సందర్భానికి పుస్తకంలాంటి అట్టతో వచ్చినదాంట్లోనూ అదే పాత బొమ్మ. అట్ట మారింది కదా అని డబ్బు పెట్టేవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే.

అసలు మార్పు 2015లో వచ్చింది. ఒరిజినల్ కెమెరా నెగెటివ్‌ను 4కెలో స్కాన్ చేసి, స్కోర్సేసీ పర్యవేక్షణలో తయారుచేసిన 25 ఏళ్ల బ్లూరే అది. 2016లో 4కె అల్ట్రా హెచ్‌డీ డిస్క్ వచ్చింది. మామూలు హెచ్‌డీ టీవీ, మామూలు బ్లూరే ప్లేయర్ ఉన్నవాళ్లకు 2015 బ్లూరే చాలు. 4కె డిస్క్ మామూలు బ్లూరే ప్లేయర్‌లో అసలు ఆడదు.

డిస్క్ ఏ దేశాల ప్లేయర్లలో ఆడాలో చెప్పే రీజియన్ కోడ్ కూడా చూడాలి. మన దేశానికి డీవీడీలో 5, బ్లూరేలో సీ. బయటినుంచి తెప్పించిన డీవీడీ వెనక 1 అని ఉంటే మీ ప్లేయర్ అన్ని రీజియన్లూ తీసుకుంటుందో లేదో ముందే తేల్చుకోండి. 4కె డిస్కులకు రీజియన్ గొడవ లేదు.

ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద రెండు నిమిషాల్లో

ఆబిడ్స్ ఆదివారం పుస్తకాల సంతలోనో, ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో పాత డిస్క్ కనబడితే బేరానికి ముందు “అన్నా, ఒక్కసారి డబ్బా తెరుస్తా” అని అడగండి. అట్ట చూసి ధర ఒప్పుకోవద్దు.

అడుగు భాగం చూడండి. ఫ్యాక్టరీలో అచ్చేసిన డిస్క్ వెండి రంగులో ఉంటుంది, రెండు పొరలదైతే లేత బంగారు ఛాయ. ఊదా లేదా నీలి ఛాయ కొడితే కంప్యూటర్‌లో రాసిన కాపీ, పక్కన పెట్టేయండి. అచ్చు డిస్కులో లోపలి పారదర్శకమైన వలయం దగ్గర ఐఎఫ్‌పీఐ (IFPI) అనే నాలుగు అక్షరాలతో చిన్న కోడ్ సాధారణంగా ఉంటుంది. ఫోన్ టార్చ్ ఏటవాలుగా వేస్తే కనబడుతుంది.

గీతల్లో తేడా ఉంది. మధ్యనుంచి అంచుకు పోయే గీత అంత ప్రమాదం కాదు, ట్రాక్‌ను అడ్డంగా దాటిపోతుంది కాబట్టి ప్లేయర్ సర్దుకుంటుంది. ట్రాక్ వెంబడి గుండ్రంగా పోయే గీత చిన్నదైనా అక్కడ బొమ్మ ఆగిపోతుంది. వీసీడీలో డేటా పొర పైన లేబుల్‌కు ఆనుకునే ఉంటుంది, కాబట్టి లేబుల్ మీద గీత పడితే పని అయిపోయినట్టే. డీవీడీలో ఆ పొర 1.2 మిల్లీమీటర్ల మందంలో సరిగ్గా మధ్యన ఉంటుంది. బ్లూరేలో చదివే వైపునుంచి 0.1 మిల్లీమీటరు లోపలే ఉన్నా, పైన గట్టి పూత కాపాడుతుంది. చివరగా వెలుతురుకు ఎత్తి పట్టి చూడండి. సూది మొనంత రంధ్రాలు కనబడినా, అంచు దగ్గర కంచు రంగు తిరిగినా లోపలి లోహపు పొర పాడవుతోందని అర్థం. దానికి మందు లేదు.

ఇప్పుడు అట్ట వెనక నిడివి చదవండి. ఈ సినిమా 145 నిమిషాల పైచిలుకు. పాల్ పద్ధతి (సెకనుకు 25 ఫ్రేముల టీవీ పద్ధతి) డీవీడీలో 140 అని ఉంటే కంగారు వద్దు. సెకనుకు 24 ఫ్రేముల సినిమాను 25గా నడపడం వల్ల 4 శాతం త్వరగా అయిపోతుంది. దాంతోపాటు శబ్దం శ్రుతి కూడా ఒక పూర్తి స్వరంలో మూడో వంతుకన్నా కాస్త ఎక్కువగా పైకి జరుగుతుంది. పాత పాటలతో నిండిన సినిమా కాబట్టి చెవి ఉన్నవాళ్లకు ఇది తెలిసిపోతుంది. 140 కంటే కూడా బాగా తక్కువుంటే ఎక్కడో కోత పడిందనే.

డేటా లెక్క

డిస్క్ ఎన్ని గిగాబైట్లో దాన్ని 133తో గుణించి, నిడివి నిమిషాలతో భాగించండి. వచ్చేది సెకనుకు సగటు మెగాబిట్లు, శబ్దంతో కలిపి. ఒక పొర డీవీడీ 4.7 గిగాబైట్లు. 145 నిమిషాల సినిమాకు సగటు 4.3 వస్తుంది. చీకటి సీన్లకు ఇది చాలదు. రెండు పొరల 8.5 గిగాబైట్ల డిస్కులో 7.8 దాకా పోతుంది, అది బాగా సరిపోతుంది. 1997లో రెండు వైపులా ఎందుకు అచ్చేశారో ఈ లెక్క చూస్తేనే తెలుస్తుంది.

ఇదే లెక్క మన తెలుగు డిస్కులకు వేయండి. “3 ఇన్ 1” అని మూడు సినిమాలు కుక్కిన డీవీడీ రెండు పొరలదే అనుకున్నా, ఒక్కోటి 150 నిమిషాలైతే సగటు 2.5. ఒకే పొరైతే 1.4. అంత తక్కువలో రాత్రి ఫైటు సీను గళ్ల దుప్పటిలా కాక మరోలా కనబడదు. ఏ టీవీ సెట్టింగూ దాన్ని బాగుచేయలేదు. మూడు సినిమాలు ఒకే ధరకు వస్తున్నాయన్న ఆశ వదులుకోండి, ఒకే సినిమా ఉన్న డిస్క్ వెతకండి.

ఇంట్లో పరీక్ష

కంప్యూటర్‌లో వీఎల్‌సీ అనే ఉచిత వీడియో ప్లేయర్‌లో పెట్టి కంట్రోల్, జే కలిపి నొక్కితే రిజల్యూషన్, సెకనుకు ఫ్రేములు కనబడతాయి. పక్క ట్యాబ్‌లో డేటా రేటు కదులుతుంటుంది. తర్వాత ఈ నాలుగు చోట్లు చూడండి.

డిక్కీ సీనులో మొహం అంచులు, నలుపు. అంచు మెట్లుగా ఉంటే రంగు డేటా చాలలేదు.

చిన్నప్పటి భాగంలో తండ్రి కొడుతుండగా బొమ్మ ఒక్కసారిగా ఆగిపోతుంది, కథనం మాత్రం సాగుతుంది. ఆగిన ఆ బొమ్మ మీద సన్నటి ఫిల్మ్ రేణువులు కనబడాలి. మొహం మైనపు బొమ్మలా నున్నగా ఉంటే, రేణువులు తుడిచేయబోయి చర్మం వివరం కూడా తుడిచేశారన్నమాట. ఇది ఖరీదైన డిస్కుల్లోనూ జరిగే తప్పు. మాకు అన్నిటికంటే కోపం తెప్పించేది కూడా ఇదే, ఎందుకంటే గళ్లు పడటం జాగా చాలక జరిగేది, ఇది కావాలని చేసేది.

కోపకబానా క్లబ్బులోకి వెనక దారిన వెళ్లే షాట్. స్టెడీకామ్ (నడుస్తూ తీసినా కుదుపు రాని కెమెరా అమరిక) ఆపరేటర్ ల్యారీ మెక్‌కాంకీ కట్ లేకుండా దాదాపు మూడు నిమిషాలు వెంట నడిచాడు. కదిలే మనుషుల అంచుల్లో దువ్వెన పళ్లలాంటి గీతలు వస్తే ఇంటర్‌లేస్ సమస్య, అంటే ఒక్కో ఫ్రేమును సరి, బేసి గీతలుగా విడగొట్టి దాచడం వల్ల వచ్చేది. వీఎల్‌సీలో డీ అక్షరం నొక్కితే పోతుంది. గీతలకు బదులు ప్రతి మనిషి పక్కనా పల్చటి నీడ బొమ్మ ఉంటే, ఒక టీవీ పద్ధతి నుంచి మరో టీవీ పద్ధతికి మార్చేటప్పుడు రెండు ఫ్రేములు కలిపేశారు. అది పోదు.

చివర్లో 1980 మే 11న హెలికాప్టర్ వెంటాడే రోజు. కట్లు చకచకా పడతాయి. ప్రతి కట్ తర్వాత అర సెకను బొమ్మ మసకబారి తేరుకుంటుంటే డేటా రేటు తక్కువ.

తెలుగు సినిమాల డిస్కుల్లో ఇంకొకటి చూడాలి. దాదాపు 20 నిమిషాలకోసారి కుడివైపు పై మూలలో చిన్న గుండ్రటి గుర్తు మెరిసి మాయమవుతుంటే అది థియేటర్ ప్రింటునుంచి తీసిన వీడియో. రీలు మార్చడానికి ఆపరేటర్ కోసం పెట్టే గుర్తది. ప్రింటు తరానికి తరం కాపీ కాబట్టి నీడల్లో వివరం అప్పటికే పోయి ఉంటుంది.

టీవీ, ప్లేయర్ సర్దడం

డిస్క్ బాగున్నా టీవీ ఫ్యాక్టరీ సెట్టింగులు చెడగొడతాయి. పిక్చర్ మోడ్ సినిమా లేదా ఫిల్మ్‌మేకర్‌కు మార్చండి. మోషన్ స్మూతింగ్, నాయిస్ రిడక్షన్ రెండూ ఆపేయండి. షార్ప్‌నెస్‌ను సబ్‌టైటిల్ అక్షరాల చుట్టూ తెల్లటి గీత కనబడేదాకా పెంచి, ఆ గీత పోయేదాకా తగ్గించండి. కొన్ని టీవీల్లో అది సున్నా దగ్గర ఆగుతుంది, కొన్నిట్లో మధ్యలో.

నలుపు మట్టం, అంటే నలుపు నుంచి తెలుపు దాకా వెలుగును ఏ పరిధిలో పంపాలో చెప్పే సెట్టింగు (లిమిటెడ్ లేదా ఫుల్), చాలామంది వదిలేస్తారు. ప్లేయర్ లిమిటెడ్ రేంజ్ పంపుతుంటే టీవీ ఫుల్ మీద ఉంటే నలుపు బూడిదగా తేలుతుంది. తిరగబడితే, అంటే ప్లేయర్ ఫుల్, టీవీ లిమిటెడ్ అయితే, డిక్కీ సీనులో కోట్లు, జుట్టు, ఆకాశం ఒకే నల్ల ముద్ద. రెండు చోట్లా లిమిటెడ్ పెట్టండి. బ్లూరేకి ప్లేయర్‌లో 24 హెర్ట్జ్ అవుట్‌పుట్ ఆన్ చేయండి.

బొమ్మ చుట్టూ నాలుగు వైపులా నల్లపట్టీలు వస్తే అది పాత 4:3 చట్రంలో ఇరికించిన వైడ్‌స్క్రీన్. టీవీలో జూమ్ వాడండి, స్ట్రెచ్ వాడితే మనుషులు లావెక్కుతారు. జూమ్ చేసినా వివరం పెరగదు. మన 2.35 స్కోప్ సినిమాకు (ఎత్తుకు 2.35 రెట్లు వెడల్పుండే బొమ్మ) ఇలాంటి పాల్ డిస్కులో దక్కేది 327 గీతలే, సరైన వైడ్‌స్క్రీన్ డిస్కులో 436. పట్టీలే లేకుండా 4:3 తెర నిండా స్కోప్ సినిమా ఉంటే పక్కలనుంచి 43 శాతం బొమ్మ కోసేశారు. హీరో ఒక్కడే కనబడి ఎదుటి గ్యాంగు కనబడని సీన్లు అందువల్లే.

4కె డిస్క్ హెచ్‌డీఆర్‌లో (వెలుగునీడల తేడా ఎక్కువ చూపే పద్ధతి) మరీ చీకటిగా కనబడితే తప్పు డిస్కుది కాకపోవచ్చు. చవక టీవీల్లో అంత వెలుగు ఉండదు. ప్లేయర్‌లో హెచ్‌డీఆర్‌ను ఎస్‌డీఆర్‌గా, అంటే మామూలు వెలుగు పద్ధతికి, మార్చి చూడండి. ఎండాకాలం మధ్యాహ్నం కిటికీ తెరలు పల్చగా ఉన్న గదిలో ఈ సినిమా పెట్టకండి, సగం సీన్లు అద్దంలా మీ సోఫానే చూపిస్తాయి.

శుభ్రం, దాచడం

డిస్క్ ఆగిపోతే ముందు గోరువెచ్చటి నీళ్లు, గిన్నెలు తోమే ద్రవం ఒక చుక్క. కళ్లద్దాలు తుడిచే మైక్రోఫైబర్ గుడ్డతో మధ్యనుంచి అంచుకు నేరుగా తుడవాలి, గుండ్రంగా తిప్పకూడదు. జిడ్డు పోకపోతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గుడ్డకు తడి అయ్యేంత. కోఠి గుజరాతీ గల్లీ లాంటి ఎలక్ట్రానిక్స్ సామాను దొరికే చోట అడగండి. టూత్‌పేస్టుతో రుద్దొద్దు, బ్లూరే మీద అసలే వద్దు, పైపూత పోతే 0.1 మిల్లీమీటరు లోపలున్న డేటాకు దిక్కుండదు.

అన్ని డిస్కులూ ఆగుతుంటే ప్లేయర్ లెన్సు మీద దుమ్ము. ఒకే డిస్క్ ఒకే చోట ఆగితే డిస్కుదే లోపం. సినిమా సగం దాటాక ఒక్క క్షణం ఆగి సాగితే రెండో పొరకు మారుతోంది, అది సహజం.

డబ్బాలో నిలువుగా పెట్టండి, ఏప్రిల్, మే ఎండల్లో కారు డాష్‌బోర్డు మీద వదలకండి, వంగిన డిస్క్ మళ్లీ సాఫీ కాదు. డబ్బాలో డిస్కును పట్టి ఉంచే పళ్లు విరిగిపోయి డిస్క్ లోపల గలగలలాడుతుంటే డబ్బా ఈరోజే మార్చండి.