ముందు ఒంటికి అంటుకునే బట్ట మార్చండి, చీరల సంగతి తర్వాత

ఎండాకాలంలో మెడ దగ్గర, నడుం చుట్టూ దద్దుర్లొస్తే సబ్బు మారుస్తాం, పౌడర్ మారుస్తాం, బట్ట మీదికి మాత్రం అనుమానం పోదు. పాలిస్టర్ పెట్రోలియం నుంచి వచ్చేదే, మంచినీళ్ల బాటిల్ ప్లాస్టిక్కునే దారంగా తీస్తారు, అందుకే చెమట పీల్చదు. పైగా దానికి వేసే డిస్పర్స్ అనే రకం రంగుల్లో కొన్ని నీలం రంగులు కొందరికి దురద తెస్తాయి. ఇస్త్రీ అక్కర్లేదని అమ్మే కాటన్ చొక్కాలు కూడా తక్కువేం కాదు, ముడత పడకుండా పట్టించే రెజిన్లలో (జిగురులాంటి పూతల్లో) చాలావాటికి ఫార్మాల్డిహైడ్ అనే, చర్మానికి పడని రసాయనమే మూలం. కొత్త బట్ట ఏదైనా ఒకసారి ఉతికే వేసుకోండి.

అలాగని ఉన్నవన్నీ పారేయకండి, పారేసిన పాలిస్టర్ మట్టిలో కలవదు. లోదుస్తులు, నైటీలు, పెట్టికోట్లు, లెగ్గింగ్స్, దిండు గలేబులు, పిల్లల బట్టలు, ఇవి ముందు మార్చండి. పట్టుచీర ఏడాదికి రెండుసార్లు కడతాం, దాని కింద పాలిస్టర్ పెట్టికోట్ మాత్రం రోజూ వేస్తాం! కాటన్ డ్రెస్ కొన్నా లోపల లైనింగ్ ఏంటో చూసుకోండి, కుట్టించుకుంటే కాటన్ లైనింగే వేయమని టైలర్‌కి గట్టిగా చెప్పండి, లేకపోతే చేతికి దొరికింది వేసేస్తారు. స్కూల్ యూనిఫాం మన చేతిలో ఉండదు కాబట్టి లోపల కాటన్ బనియన్ వేయండి.

షాపులో "ప్యూర్ కాటన్ మేడమ్" అంటే నమ్మకండి. లేబుల్ లేకపోతే ఇంటికొచ్చాక లోపలి కుట్టు అంచున నాలుగు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని, సింక్ దగ్గర స్టీలు పళ్లెం మీద కాల్చండి (ఒంటి మీదున్న బట్టతో ప్రయోగాలొద్దు). నూలైతే కాగితం కాలిన వాసనొచ్చి మెత్తటి బూడిదవుతుంది, పట్టు అయితే జుట్టు కాలిన వాసన, పాలిస్టర్ కరిగి నల్లటి గట్టి పూసలా మిగులుతుంది. కాగితంలా కాలుతూనే చివర గట్టిగా పూస కట్టిందంటే రెండూ కలిపారన్నమాట. విస్కోస్ (చెక్క గుజ్జును రసాయనాలతో కరిగించి తీసే దారం) కూడా నూలులాగే కాలుతుంది, అక్కడ ఈ పరీక్ష పనిచేయదు. "బ్యాంబూ" పేరుతో ఖరీదుగా అమ్మేదీ చాలావరకు విస్కోసే, దాని తయారీలో వాడే కార్బన్ డైసల్ఫైడ్ ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ల నరాలను దెబ్బతీస్తుంది. నా మటుకు నేను దాని జోలికి పోను.

రోజువారీ డ్రెస్సులకి మంగళగిరి కాటన్‌కి మించింది లేదని నా అభిప్రాయం, గట్టిగా ఉంటుంది, ఉతికేకొద్దీ మెత్తబడుతుంది. శ్రీకాకుళం దగ్గర పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని ఏకి, చేత్తో వడికి నేసే సన్నఖాదీ ఉంది, ధర ఎక్కువే, కానీ ఆ పని చూస్తే బేరమాడబుద్ధి కాదు. పెడన కలంకారీ కొనేటప్పుడు సహజ రంగులా, స్క్రీన్ ప్రింటా అని సూటిగా అడగండి. అసలు పద్ధతిలో బట్టను కరక్కాయ రసంలో నానబెట్టి, తుప్పు ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్లతో నలుపు, పటిక అద్ది ఎర్రరంగు వేర్ల నీళ్లలో ఉడికించి ఎరుపు తెప్పిస్తారు. చేనేతకి 2006 నుంచి హ్యాండ్లూమ్ మార్క్ అనే ప్రభుత్వ గుర్తు ఉంది, ట్యాగ్ చూడండి. పత్తి కూడా పురుగుమందులు, బోలెడు నీళ్లు తాగే పంటే, కాబట్టి నూలు కదా అని డజన్లకొద్దీ కొంటే ఉపయోగం లేదు.

చేనేత గుడ్డను టైలర్‌కి ఇచ్చే ముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరేయండి, లేకపోతే కుట్టాక కుంచించుకుపోతుంది. మొదట్లో విడిగా ఉతకండి, ఉప్పు వేస్తే రంగు పోదన్నది ఉత్తమాట. ఇంట్లో ఉన్న పాలిస్టర్‌ని మాటిమాటికీ కాకుండా, మెషీన్ నిండాకే చన్నీళ్లలో తక్కువసేపు తిప్పితే కాలవల్లోకి పోయే ప్లాస్టిక్ నూగు తగ్గుతుంది.

దాచేటప్పుడు కలరా ఉండలు వేయకండి, ముఖ్యంగా పసిపిల్లల బట్టల్లో. అందులో ఉండే నాఫ్తలీన్ వల్ల జీ6పీడీ అనే ఎంజైమ్ పుట్టుకతోనే లోపించిన పిల్లల్లో ఎర్రరక్తకణాలు పగిలిపోతాయి, ఆ లోపం ఉన్న సంగతి చాలా ఇళ్లలో తెలియనే తెలియదు. ఎండిన వేపాకు పలచటి గుడ్డలో మూటకట్టి పెట్టండి, అప్పుడప్పుడు మడతలు మార్చి నీడలో గాలికి ఆరేయండి, గంజి పెట్టినవైతే గంజి వదిలేదాకా ఉతికే లోపల పెట్టండి, గంజికి పురుగులొస్తాయి.