ఏ బావి ముందు? చమురు, గ్యాస్ బావుల రిస్కును వరుసలో పెట్టడం

బావుల జాబితా రాగానే మార్కులు వేయకండి. ముందు ఒక్కో బావిలో చమురు, గ్యాస్ బయటికి తన్నుకురాకుండా ఆపే అడ్డుకట్టలు ఎన్ని పనిచేస్తున్నాయో తేల్చండి. ఉత్పత్తి బావిలో ట్యూబింగ్ (చమురు, గ్యాస్ పైకొచ్చే లోపలి గొట్టం), ప్యాకర్ (ఆ గొట్టం చుట్టూ ఉండే సీలు), లోపలి సేఫ్టీ వాల్వ్ కలిసి మొదటి అడ్డుకట్ట. కేసింగ్ (బావి గోడకు వేసే బయటి ఉక్కు గొట్టం), దాని సిమెంటు, వెల్‌హెడ్ (నేలపైన బావి మూతి దగ్గరి పరికరం) కలిసి రెండోది. ఒకటి పోయినా మరొకటి సొంతంగా నిలవాలి. ఈమధ్య టెస్ట్ చేయని వాల్వ్‌ను పనిచేయనిదిగానే లెక్కేయండి.

ఎక్కువమంది పొరబడేది యాన్యులస్, అంటే ట్యూబింగ్‌కీ కేసింగ్‌కీ మధ్య ఖాళీలో ఉండే ప్రెషర్ దగ్గర. లీకు ఉన్నా, అక్కడి ద్రవం వేడికి వ్యాకోచించినా గేజి ముల్లు లేస్తుంది. తేడా తెలియాలంటే అరంగుళం నీడిల్ వాల్వ్ (సన్నగా వదలగల వాల్వ్) గుండా నెమ్మదిగా ప్రెషర్ వదిలి, వాల్వ్ మూసి, 24 గంటలు రీడింగులు రాయండి. సున్నాకు దిగి అక్కడే ఉంటే చాలావరకు వేడి ప్రభావమే. మళ్లీ ఎక్కితే లీకు ఉన్నట్టు. సున్నాకే రాకపోతే ఆ లీకు పెద్దది. ఊరికే పదేపదే వదలకండి. ప్రతిసారీ కొత్త గ్యాస్ పైకొచ్చి లీకు దారి ముదరవచ్చు.

ఇప్పుడు ప్రమాదం జరిగే అవకాశానికి 1–5, దాని తీవ్రతకు 1–5 మార్కులు వేసి గుణించండి. తీవ్రతలో మూడు చూడాలి: బావి తనంతట తాను పొంగగలదా, దగ్గర్లో జనం ఉన్నారా, హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఎంత. అది గాలిలో 100 పీపీఎం (పది లక్షల్లో వంద వంతులు) ఉన్నా చాలు, ప్రాణానికి తక్షణ ముప్పు.

గుణింతాన్ని గుడ్డిగా నమ్మకండి. 1×5, 5×1 రెండూ 5 అవుతాయి, కానీ మొదటిది బ్లోఅవుట్ (బావి అదుపు తప్పి ఎగజిమ్మడం) కావచ్చు, రెండోది చెమ్మగిల్లే ఫ్లాంజ్ (గొట్టాల అతుకు). తీవ్రత 5 ఉన్న బావులను వేరే జాబితాలో పెట్టి ముందు వాటినే చూడండి.