యాంటీబాడీ జీన్‌లో మ్యుటేషన్ ఏ పాలిమరేజ్ పనో కనిపెట్టడం ఎలా?

యాంటీబాడీ జీన్ సీక్వెన్స్ చేతికి రాగానే చాలామంది మ్యుటేషన్లు ఎన్నో లెక్కపెట్టి ఊరుకుంటారు. డీఎన్‌ఏలోని ఎ, టి, జి, సి అక్షరాల్లో ఏది ఏదిగా మారిందో చూడండి, ఏ పాలిమరేజ్ (డీఎన్‌ఏని కాపీ చేసే ఎంజైమ్) చెయ్యి పెట్టిందో అక్కడ దొరుకుతుంది.

ముందు ఐఎంజీటీ వి-క్వెస్ట్ అనే ఆన్‌లైన్ టూల్‌లో సీక్వెన్స్ పేస్ట్ చేసి జెర్మ్‌లైన్ (పుట్టుకతో వచ్చిన, ఇంకా మారని) వి జీన్‌తో పోల్చండి. సీడీఆర్3 అనే భాగం జోలికి మాత్రం పోకండి, ఎందుకంటే అక్కడ వి, డి, జె అనే జీన్ ముక్కలు అతుక్కునే చోట టీడీటీ అనే ఇంకో పాలిమరేజ్ టెంప్లేట్ లేకుండానే అక్షరాలు చేర్చేస్తుంది, వాటినీ మ్యుటేషన్ల కింద వేశారంటే లెక్కంతా గల్లంతే. పీసీఆర్ (ట్యూబులో డీఎన్‌ఏ కాపీలు తీసే పద్ధతి) కూడా ప్రూఫ్‌రీడింగ్ ఉన్న, అంటే తన తప్పు తానే దిద్దుకునే ఎంజైమ్‌తోనే చేయాలి, మామూలు ట్యాక్ ఎంజైమ్ వాడితే ట్యూబులో జరిగిన తప్పుల్ని యాంటీబాడీ తయారుచేసే బి కణం ఖాతాలో రాసేస్తారు. ఒకే క్లోన్‌లో (ఒకే బి కణం నుంచి పుట్టిన కణాల గుంపులో) పదేపదే కనబడే మ్యుటేషన్‌ని ఒక్కసారే లెక్కించండి.

మ్యుటేషన్‌ని మొదలుపెట్టేది పాలిమరేజ్ కాదు, 1999లో హోంజో ల్యాబ్ బయటపెట్టిన ఏఐడీ అనే ఎంజైమ్. ఇది సి ని యు (డీఎన్‌ఏలో మామూలుగా ఉండని అక్షరం) గా మారుస్తుంది. ఆ యు ని ఎవరూ సరిచేయకపోతే మామూలు పాలిమరేజ్ దాన్ని టి అనుకుని కాపీ కొట్టేస్తుంది, మీకు సి పోయి టి కనబడుతుంది. ఇదే డీఎన్‌ఏ రెండో పోగులో జరిగితే జి పోయి ఎ. యూఎన్‌జీ అనే రిపేర్ ఎంజైమ్ వచ్చి యు ని పీకేస్తే ఆ ఖాళీకి ఎదురుగా రెవ్1 అనే పాలిమరేజ్ తనకు తెలిసిన సి నే పెడుతుంది. సి-జి తారుమార్లు ఎక్కువుంటే దాన్నే అనుమానించండి.

ఇక అసలు చిక్కు. ఏఐడీ ముట్టేది సి నే కదా, మరి దాదాపు సగం మ్యుటేషన్లు ఎ-టి జతల మీద ఎలా వచ్చాయి? యు-జి పొసగని జతని ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6 అనే రిపేర్ ప్రోటీన్లు పట్టుకుంటాయి, ఎక్సో1 అనే ఎంజైమ్ చుట్టుపక్కల పోగుని కూడా తినేస్తుంది, ఆ గ్యాప్ పూడ్చడానికి పాల్ ఈటా అనే పాలిమరేజ్ దిగుతుంది. యూవీ దెబ్బకి అతుక్కుపోయిన టి-టి జంటని చక్కగా దాటే ఈ ఎంజైమే బాగున్న టి దగ్గర తడబడుతుంది, విడ్డూరం! ఎ కి ముందు ఎ గానీ టి గానీ ఉన్న చోట్ల మ్యుటేషన్లు గుంపుగా ఉన్నాయేమో చూడండి, అది దీని ముద్ర. పాల్ ఈటా లేని ఎక్స్‌పీ-వేరియంట్ (ఎండకి చర్మం దెబ్బతినే వంశపారంపర్య జబ్బు) రోగుల్లో ఎ-టి మ్యుటేషన్లు బాగా తగ్గిపోతాయి.

అలాగని ఎ-టి తగ్గిన ప్రతిసారీ పాల్ ఈటా లేదని రాసేయకండి. ఎంఎస్‌హెచ్2 పోయినా అదే బొమ్మ వస్తుంది, కాబట్టి రెండు జీన్లూ విడిగా చెక్ చేయాల్సిందే.