కొత్తగా అమర్చిన గేమింగ్ కంప్యూటర్ క్రాష్ అవుతుంటే: లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

విడిభాగాలు కొని సొంతంగా అమర్చుకున్న గేమింగ్ కంప్యూటర్ మొదటి వారాల్లోనే ఒక క్రమమంటూ లేకుండా క్రాష్ అవుతుంటే, చాలామంది ముందుగా గ్రాఫిక్స్ కార్డును అనుమానిస్తారు, ఆ తరువాత విండోస్‌ను చెరిపేసి మళ్లీ ఎక్కిస్తారు. ఈ రెండింటిలో ఏదీ మొదటి పని కాకూడదు. కొత్త యంత్రంలో ఏదైనా భాగం నిజంగానే లోపంతో వచ్చి ఉండవచ్చు గాని, అంతకంటే ముందు చూడవలసినవి ర్యామ్ వేగం, బయోస్ (విండోస్ కంటే ముందు నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్) సెట్టింగులు, పూర్తిగా కూర్చోని కేబుళ్లు. వీటిలో ఏది కారణమో చెప్పే బలమైన ఆధారం, యంత్రం ఏ తీరుగా ఆగిపోతోంది అన్నదే. నీలి తెర (2025 నుంచి కొత్త విండోస్ 11లో ఇది లోపం పేరు చూపే నల్లతెర) వచ్చి ఆగుతోందా, కరెంటు పోయినట్లు ఒక్కసారిగా ఆరిపోతోందా, తెర మాత్రం నల్లబడి ఆట శబ్దం ఇంకా వినిపిస్తోందా, లేక ఆట ఒక్కటే మూతబడి డెస్క్‌టాప్ కనిపిస్తోందా అన్నది ముందు తేల్చుకోవాలి. ఒక్కో తీరు ఒక్కో దిశను చూపిస్తుంది.

ఏదీ విప్పకముందు

నీలి తెర మీద కనిపించే స్టాప్ కోడ్‌ను, అంటే లోపం పేరును, చదివే వ్యవధి ఇవ్వకుండానే విండోస్ యంత్రాన్ని మళ్లీ స్టార్ట్ చేస్తుంది. అందువల్ల సిస్టమ్ ప్రాపర్టీస్‌లోని అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో, స్టార్టప్ అండ్ రికవరీ కింద ఉన్న ఆటోమేటిక్ రీస్టార్ట్‌కు టిక్కు తీసేయండి. ఇలా చేసిన తరువాత కూడా నీలి తెర కనిపించకుండానే యంత్రం రీస్టార్ట్ అవుతుంటే, సమస్య విండోస్‌కు తెలియనంత కింది స్థాయిలో, అంటే విద్యుత్ సరఫరాలోనో ప్రాసెసర్‌లోనో మదర్‌బోర్డులోనో ఉన్నదని అనుమానించవచ్చు.

తరువాత విండోస్ తన ఘటనలను నమోదు చేసే ఈవెంట్ వ్యూయర్ తెరిచి సిస్టమ్ లాగ్ చూడండి. అక్కడ కెర్నల్-పవర్ 41 అనే నమోదు దాదాపు తప్పకుండా ఉంటుంది. పేరులో పవర్ అన్న మాట ఉన్నందువల్ల దీన్ని చూసి పవర్ సప్లై మార్చేవారు ఎందరో ఉన్నారు, కాని యంత్రం సక్రమంగా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని తప్ప ఆ నమోదు మరేమీ చెప్పదు. అది ఫలితం, కారణం కాదు. దానిలోని బగ్‌చెక్ కోడ్ సున్నా అయితే విండోస్‌కు లోపాన్ని రాసుకునే అవకాశమే రాలేదని అర్థం. నిజంగా పనికివచ్చేవి హార్డ్‌వేర్ దోషాలను రాసే వీయా-లాగర్ (WHEA-Logger) నమోదులు. 18వ సంఖ్య కోలుకోలేని హార్డ్‌వేర్ దోషాన్నీ, 19 సరిదిద్దబడిన ప్రాసెసర్ దోషాన్నీ, 17 తరచుగా పీసీఐ ఎక్స్‌ప్రెస్ (గ్రాఫిక్స్ కార్డు వంటివి బోర్డుకు కలిసే మార్గం, పీసీఐఈ) లింకులో సరిదిద్దబడిన దోషాన్నీ సూచిస్తాయి. 18వ నమోదు ప్రతిసారీ ఒకే ఏపిక్ ఐడీతో (కోర్‌ను గుర్తించే సంఖ్యతో) వస్తుంటే, ప్రాసెసర్‌లోని ఆ ఒక్క కోర్‌ను అనుమానించాలి.

ఆధారాలు కూడగట్టిన తరువాత బయోస్‌ను డీఫాల్ట్‌కు మార్చండి. ర్యామ్ ప్రొఫైల్ (పెట్టె మీది వేగాన్ని ఆన్ చేసే ఎక్స్‌ఎంపీ, ఎక్స్‌పో సెట్టింగ్), ప్రాసెసర్ బూస్ట్ మార్పులు, కర్వ్ ఆప్టిమైజర్ (ఏఎండీ కోర్ల వోల్టేజీని సర్దే సెట్టింగ్), అండర్‌వోల్టేజ్ (వోల్టేజీ తగ్గింపు), గ్రాఫిక్స్ కార్డు ఓవర్‌క్లాక్ (నిర్ణీత వేగాన్ని మించి నడపడం), అన్నీ తీసేయాలి. ఆ స్థితిలో క్రాష్‌లు ఆగిపోతే భాగాలు బాగానే ఉండి సెట్టింగే తప్పై ఉండే అవకాశం ఎక్కువ, ఆగకపోతే హార్డ్‌వేర్ వైపు వెళ్లాలి. ఇక్కడి నుంచి ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. ఒకే సాయంత్రం బయోస్ అప్‌డేట్ చేసి, డ్రైవర్ మార్చి, ర్యామ్ తీసి పెట్టినవారికి యంత్రం బాగుపడినా ఏ మార్పువల్ల బాగుపడిందో తెలియదు.

ప్రతిసారీ వేరే స్టాప్ కోడ్ వస్తుంటే

ఒకసారి మెమరీ మేనేజ్‌మెంట్, మరోసారి ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్, ఇంకోసారి పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా, మధ్యలో బ్రౌజర్ ట్యాబ్‌లు వాటంతటవే మూతబడటం, ఆట ఇన్‌స్టాల్ అవుతుండగా ఫైలు పాడైందన్న సందేశం: ఇలా లక్షణాలకు ఒకదానితో ఒకటి పొంతన లేకపోవడమే ర్యామ్ సమస్యకు అసలు గుర్తు. క్రాష్ వేళ విండోస్ దాచే మినీడంప్ ఫైళ్లను విశ్లేషించినా ఒక్కోసారి ఒక్కో డ్రైవర్ పేరు వస్తుంది, ఆ డ్రైవర్లను ఒక్కొక్కటిగా మార్చుకుంటూ పోతే ఎక్కడికీ తేలదు.

ర్యామ్ పెట్టె మీద 6000 అని రాసి ఉంటే అది హామీగా వచ్చే వేగమని అనుకోవడం సహజం. నిజానికి ఎక్స్‌ఎంపీ గాని ఎక్స్‌పో గాని ఆన్ చేయడమంటే ఓవర్‌క్లాక్ చేయడమే. ఆ వేగాన్ని ర్యామ్ తట్టుకున్నా ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ తట్టుకోవాలని లేదు. రైజెన్ 7000 శ్రేణికి ఏఎండీ అధికారికంగా చెప్పిన డీడీఆర్5 వేగం రెండు స్టిక్కులతో 5200, నాలుగు స్టిక్కులతో 3600 మాత్రమే. నాలుగు స్లాట్లూ నింపి 6000 ఆశించే యంత్రాలు అకారణంగా క్రాష్ అవుతున్నట్లు కనిపించడంలో వింత లేదు. అంతేకాక ఒకే మోడల్ అయినా విడివిడిగా కొన్న రెండు కిట్లు కలిసి పనిచేస్తాయని తయారీదారులు హామీ ఇవ్వరు.

పరీక్షకు మెమ్‌టెస్ట్86 వంటి సాధనాన్ని యూఎస్‌బీ డ్రైవ్‌లోకి ఎక్కించి, విండోస్ బయట నుంచి నాలుగు పాస్‌లు పూర్తిగా నడపాలి. రాత్రంతా పట్టినా పట్టవచ్చు. ఒక్క ఎర్రర్ వచ్చినా అది విఫలమైనట్టే, రెండు మూడేగా అని సరిపెట్టుకోవడానికి లేదు. ప్రొఫైల్ ఆన్‌లో ఉన్నప్పుడు మాత్రమే ఎర్రర్లు వస్తే, ముందు బయోస్‌ను తాజా వెర్షన్‌కు మార్చి చూడండి, ఎందుకంటే డీడీఆర్5 బోర్డులలో ర్యామ్ స్థిరత్వం బయోస్ అప్‌డేట్‌లతో బాగా మెరుగుపడుతూ వచ్చింది. అప్పటికీ తగ్గకపోతే వేగాన్ని ఒక మెట్టు దించి, 6000 బదులు 5600తో వాడుకోవడం తెలివైన పని. ఆటలలో ఆ తేడా కంటికి ఆనదు. ప్రొఫైల్ తీసేసినా ఎర్రర్లు వస్తుంటే ఒక్కొక్క స్టిక్కును ఒకే స్లాట్‌లో పెట్టి పరీక్షించండి. ఎర్రర్లు ఒక స్టిక్కును అంటిపెట్టుకుని ఉంటే అది మార్చవలసినదే, ఏ స్టిక్కు పెట్టినా ఒకే స్లాట్‌లో వస్తుంటే చూడవలసింది బోర్డును, సాకెట్‌ను. సాకెట్‌లో ఒక పిన్ను వంగినా, కూలర్ మరలు ఒక పక్క ఎక్కువ బిగిసినా ఒక మెమరీ ఛానల్ అస్థిరం కావచ్చు. కూలర్‌ను ఒకసారి విప్పి, మరలను మూలమూలకూ మార్చుకుంటూ సమంగా బిగించడంతో తీరిపోయే కేసులున్నాయి. రెండు స్టిక్కులే ఉంటే అవి సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి లెక్కించి రెండవ, నాలుగవ స్లాట్లలో ఉండాలి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. డీడీఆర్5 యంత్రం ప్రొఫైల్ మార్చిన తరువాత తొలిసారి ఆన్ అయినప్పుడు మెమరీ ట్రైనింగ్ (ర్యామ్‌కు సరిపడే సెట్టింగులను బోర్డు తానే వెతుక్కోవడం) కోసం కొన్ని నిమిషాలు నల్లతెరతోనే ఉండిపోవచ్చు, అది క్రాష్ కాదు కాబట్టి మధ్యలో కరెంటు తీయకండి. రెండవది, ర్యామ్ లోపంతో ఉన్నప్పుడు విండోస్‌ను మళ్లీ ఎక్కిస్తే ఆ ఫైళ్లు కూడా పాడై చేరవచ్చు. ర్యామ్ బాగుందని తేలిన తరువాతే సిస్టమ్ ఫైల్ చెకర్ (పాడైన విండోస్ ఫైళ్లను సరిచేసే సాధనం) నడపడం గాని, విండోస్ మళ్లీ ఎక్కించడం గాని చేయాలి.

ఆట బరువెక్కిన క్షణంలో యంత్రం ఆరిపోతుంటే

నీలి తెర లేదు, హెచ్చరిక లేదు, ఒక్క క్షణంలో అంతా ఆగిపోతుంది. వెనుక స్విచ్చి ఆపి మళ్లీ వేస్తే తప్ప ఆన్ కాకపోతే, పవర్ సప్లై తన రక్షణ వలయాన్ని ప్రయోగించి తానే ఆగిపోయిందని గట్టిగా అనుమానించవచ్చు. గ్రాఫిక్స్ కార్డులు తమ సగటు వాడకాన్ని మించి మిల్లీసెకను కంటే తక్కువ కాలం పాటు విపరీతంగా విద్యుత్తు లాగుతాయి. ఈ కుదుపులను తట్టుకోవాలనే ఉద్దేశంతోనే 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం, అతి స్వల్పకాలం పాటు రేటింగ్‌కు రెండింతల భారాన్ని మోయగలగాలని నిర్దేశించింది. వాటేజీ లెక్క సరిపోయినా పాత రూపకల్పన గల పవర్ సప్లై కొత్త కార్డుతో ఆగిపోవడానికి కారణం ఇదే. 80 ప్లస్ గోల్డ్ ముద్ర సామర్థ్యాన్ని, అంటే ఎంత విద్యుత్తు వేడిగా వృథా అవుతుందన్నదాన్ని చెబుతుంది గాని, ఈ కుదుపులను తట్టుకునే గుణాన్ని చెప్పదు.

నిర్ధారణకు సులువైన దారి ఒకటుంది. ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ వంటి సాధనంతో కార్డు పవర్ లిమిట్‌ను 70 శాతానికి తగ్గించి అదే ఆటను ఆడి చూడండి. క్రాష్‌లు మాయమైతే సరఫరా వైపు అనుమానం బలపడుతుంది. అయినా వెంటనే కొత్తది కొనవద్దు, ముందు కేబుళ్లు చూడండి. 8 పిన్ పీసీఐఈ కనెక్టర్ ఒక్కొక్కటి 150 వాట్లకు ఉద్దేశించినది, కాబట్టి కార్డుకు రెండు మూడు కనెక్టర్లుంటే ఒకే కేబుల్ చివరనున్న రెండు తలలను వాడకుండా విడివిడి కేబుళ్లు పెట్టాలి. 16 పిన్ కనెక్టర్ అయితే అంచు వరకు పూర్తిగా లోపలికి వెళ్లిందో లేదో కంటితో చూసి నిర్ధారించుకోవాలి. సగం కూర్చున్న కనెక్టర్ వేడెక్కి కరిగిపోయే ప్రమాదం ఉంది. మాడ్యులర్ (ఊడదీయగల) కేబుళ్లను ఒక పవర్ సప్లై నుంచి మరొకదానికి ఎన్నడూ మార్చకండి, ప్లగ్గు సరిపోయినా పవర్ సప్లై వైపు పిన్నుల అమరికకు ఉమ్మడి ప్రమాణం లేనందువల్ల డ్రైవ్‌లు కాలిపోవచ్చు. యూపీఎస్ వాడుతుంటే దాన్ని పక్కన పెట్టి నేరుగా గోడ సాకెట్‌కు కలిపి కూడా చూడాలి.

వేడిని కూడా ఇక్కడే అనుమానిస్తారు గాని, వేడి ఎక్కువైతే ప్రాసెసర్ ముందు వేగం తగ్గించుకుంటుంది, ఆరిపోవడం చివరి మెట్టు. చాలా రైజెన్ 7000 ప్రాసెసర్లు పూర్తి భారంలో 95 డిగ్రీల వరకు నడిచేలా రూపొందించినవే కాబట్టి ఆ అంకె చూసి కంగారు పడనక్కరలేదు. అయితే భారం పెట్టిన రెండు మూడు సెకన్లకే వేగం సగానికి పడిపోయి యంత్రం ఆగుతుంటే, కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర తీశారో లేదో, నీటి కూలర్ అయితే పంపు తిరుగుతోందో లేదో చూడండి.

తెర నల్లబడి శబ్దం వినిపిస్తుంటే

ఇది గ్రాఫిక్స్ వైపు లక్షణం. గ్రాఫిక్స్ కార్డు రెండు సెకన్లలోపు స్పందించకపోతే విండోస్ డ్రైవర్‌ను తిరిగి మొదలుపెట్టడానికి ప్రయత్నిస్తుంది. అది ఫలిస్తే 4101 నమోదుతో సరిపోతుంది, విఫలమైతే వీడియో టీడీఆర్ ఫెయిల్యూర్ అనే నీలి తెర వస్తుంది. రిజిస్ట్రీలో ఆ రెండు సెకన్లను పెంచమనే సలహా విరివిగా వినిపిస్తుంది, కాని అది లక్షణాన్ని దాచిపెట్టడమే తప్ప చికిత్స కాదు.

ఇంటర్నెట్ తీసేసి, సేఫ్ మోడ్‌లో డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ సాధనంతో పాత డ్రైవర్‌ను పూర్తిగా తుడిచి, తయారీదారు నుంచి డ్రైవర్‌ను కొత్తగా ఎక్కించండి. తాజా వెర్షన్‌తోనే ఇబ్బంది మొదలైతే దాని ముందటిది వాడండి. కార్డును నిలువుగా పెట్టడానికి రైజర్ కేబుల్ వాడి ఉంటే, ముందు దాన్ని తీసి కార్డును నేరుగా స్లాట్‌లో పెట్టి చూడాలి, ఎందుకంటే పీసీఐఈ 3.0 కోసం చేసిన కేబుల్ 4.0 వేగంలో సరిగ్గా ఇలాంటి నల్లతెరలనే తెస్తుంది. కేబుల్ ఉంచుకోవాలనుకుంటే బయోస్‌లో స్లాట్ వేగాన్ని జెన్ 3కు స్థిరపరచండి. వీటితో పోకపోతే కోర్ క్లాక్‌ను 100 మెగాహెర్ట్జ్ తగ్గించి ఆడండి. అప్పుడు స్థిరపడితే ఆ కార్డు తన ఫ్యాక్టరీ వేగాన్నే మోయలేకపోతోందన్నమాట. అలా తగ్గించి వాడుకుంటూ ఉండిపోవడం కంటే వారంటీలో మార్పించుకోవడమే న్యాయం.

ఆట ఒక్కటే మూతబడుతుంటే

ఒకే ఆటలో అయితే ఆట ఫైళ్లను వెరిఫై చేయడం, ఓవర్‌లేలు (ఆట తెర మీద కనిపించే ఇతర ప్రోగ్రాముల పొరలు), లైట్ల సాఫ్ట్‌వేర్ ఆపి చూడడం సరిపోతుంది. వేర్వేరు ఆటలు షేడర్లు (దృశ్యాలను గీసే చిన్న ప్రోగ్రాములు) కంపైల్ చేస్తున్నప్పుడే మూతబడుతుంటే, ముఖ్యంగా అన్‌రియల్ ఇంజిన్ ఆటల్లో వీడియో మెమరీ చాలలేదన్న సందేశం వస్తుంటే, ఆ మాటను నమ్మి గ్రాఫిక్స్ కార్డు మార్చకండి. 13వ, 14వ తరం ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్ల అస్థిరతకు ఇది పేరుపడిన లక్షణం. అవసరానికి మించిన వోల్టేజీ కోరే మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) దీనికి ఒక కారణమని ఇంటెల్ 2024లో ప్రకటించి, ఆగస్టులో 0ఎక్స్129, సెప్టెంబరులో 0ఎక్స్12బి మైక్రోకోడ్‌లను విడుదల చేసింది, ప్రభావితమైన ప్రాసెసర్లకు వారంటీని రెండేళ్లు పొడిగించింది. బయోస్‌ను తాజా వెర్షన్‌కు మార్చి, ఇంటెల్ డీఫాల్ట్ సెట్టింగ్స్ ప్రొఫైల్ ఎంచుకోండి. అయితే ఈ మైక్రోకోడ్ ఇకముందు జరిగే నష్టాన్ని ఆపడానికే, అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్‌ను బాగుచేయదు. కొత్త బయోస్‌తోనూ క్రాష్‌లు కొనసాగితే దాన్ని మార్పించుకోవలసిందే.

ఏ పనీ లేనప్పుడు ఆగిపోతుంటే

ఆటలు గంటల తరబడి నడుస్తాయి, డెస్క్‌టాప్ మీద ఊరికే ఉన్నప్పుడు మాత్రం రీస్టార్ట్ అవుతుంది. కర్వ్ ఆప్టిమైజర్‌లో రుణ విలువలు అతిగా పెట్టినవారి యంత్రాల్లో ఇది తరచు కనిపిస్తుంది, ఎందుకంటే తేలికపాటి పనిలోనే ఒక్కో కోర్ అత్యధిక వేగానికి ఎగబాకుతుంది. అన్ని కోర్లనూ ఒకేసారి దంచే పరీక్షలు దీన్ని పట్టుకోలేవు, కోర్‌సైక్లర్ వంటి సాధనంతో ఒక్కో కోర్‌ను విడిగా పరీక్షించి ఆ విలువలను తగ్గించాలి. ఏఎండీ బోర్డులలో పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్‌ను టిపికల్ కరెంట్ ఐడిల్‌కు మార్చడం కూడా కొన్నిసార్లు పనిచేస్తుంది.

ఇవేవీ కాకపోతే

బోర్డును క్యాబినెట్ నుంచి బయటకు తీసి, అట్టపెట్టె మీద పెట్టి, ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యామ్ స్టిక్కు, ఒక్క డ్రైవ్‌తో నడపండి. ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉంటే కార్డు కూడా తీసేయండి. బయట నిలకడగా నడిచి లోపల పెట్టగానే ఆగితే, బోర్డు కింద అవసరం లేని చోట ఉన్న స్టాండాఫ్ (బోర్డును ఎత్తి నిలిపే లోహపు మర) ఎక్కడో తగులుతోందేమో చూడండి. బయట కూడా ఆగుతుంటే, పనిచేస్తున్న మరో యంత్రం నుంచి ఒక్కో భాగాన్ని అరువు తెచ్చి మార్చి చూడడమే మిగిలిన మార్గం. ఆ క్రమంలో పవర్ సప్లై ముందు, ప్రాసెసర్ చివర ఉంచడం మంచిది. పవర్ సప్లై మార్చితే దాని కేబుళ్లతో సహా మార్చండి.

లోపమున్న భాగం తేలిన తరువాత వారంటీ కోరేటప్పుడు, డీఫాల్ట్ సెట్టింగులతోనే క్రాష్ వచ్చిందని చూపే ఫొటోలు, మెమ్‌టెస్ట్ ఫలితాలు జతచేయండి. ర్యామ్ అయితే ఒక్క స్టిక్కే పాడైనా కిట్ మొత్తం పంపవలసి వస్తుంది. బోర్డును పంపుతుంటే ముందుగా సాకెట్ పిన్నుల ఫొటో తీసుకుని, దానితో వచ్చిన ప్లాస్టిక్ మూతను సాకెట్ మీద తప్పక బిగించండి. అది లేకుండా వెళ్లిన బోర్డు దారిలో పిన్నులు వంగి చేరితే వారంటీ తిరస్కరించవచ్చు.